కడప టేబుల్‌కి సరిపోయే కాక్‌పిట్: విదేశాల్లో ఫ్లైట్ సిమ్ కంట్రోలర్ ఎలా కొనాలి

కడపలో కంప్యూటర్ షాపుకి వెళ్ళి "అన్నా, ఫ్లైట్ సిమ్యులేటర్‌కి జాయ్‌స్టిక్ ఉందా?" అని అడిగితే చాలాసార్లు గేమ్‌ప్యాడ్ తీసి చూపిస్తారు. వాళ్ళని అనడానికి లేదు. ఎప్పుడో ఒకరు అడిగే వస్తువును ఎవరు మాత్రం తెచ్చి పెట్టుకుంటారు? ఆన్‌లైన్‌లో లాజిటెక్ ఎక్స్‌ట్రీమ్ 3డీ ప్రో లాంటివి ఒకటి రెండు అందుబాటు ధరలో దొరుకుతాయి. అంతకంటే మంచిది కావాలంటే మాత్రం స్టాక్ ఉండదు, ఉన్నా ధర చూసి వెనక్కి తగ్గాల్సి వస్తుంది. అందుకే సిమ్ (ఫ్లైట్ సిమ్యులేటర్, అంటే కంప్యూటర్‌లో విమానం నడిపే ఆట) పిచ్చి పట్టినవాళ్ళు బంధువుల్లో ఎవరు ఫారిన్ పోతున్నారో, ఎవరు వస్తున్నారో కనిపెట్టుకుని ఉంటారు.

ఆ విషయంలో మన వైపు కొదవేం లేదు. కడప, రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుంచి కువైట్‌లో పనిచేసేవాళ్ళు లేని ఊరు వెతికినా దొరకదు. అమెరికాలో సాఫ్ట్‌వేర్ పిల్లలు సరేసరి. మీరే స్వయంగా వెళ్తున్నా, వచ్చేవాళ్ళతో తెప్పించుకుంటున్నా ఒకటే సూత్రం: ఏది కొనాలన్నది కడపలోనే తేలిపోవాలి. అక్కడ చేయాల్సింది చూసుకోవడం, పరీక్షించుకోవడం, డబ్బు కట్టడం అంతే. షాపులో నిలబడి ఆలోచించడం మొదలుపెడితే, మెరిసే లైట్లున్న పెద్ద డబ్బా చేతికొస్తుంది, అది మీ టేబుల్‌కి పట్టదు.

ముందు మీరు నడిపే విమానం ఏదో తేల్చుకోండి

కంట్రోలర్లు ప్రధానంగా రెండు రకాలు. ఒకటి స్టిక్, అంటే నిలువుగా ఉండే జాయ్‌స్టిక్. రెండోది యోక్, స్టీరింగ్‌లాగా రెండు చేతులతో పట్టుకుని తిప్పుతూ, ముందుకు తోస్తూ వెనక్కి లాగుతూ నడిపేది. పైలట్ కోర్సుల్లో ఎక్కువగా వాడే సెస్నా 172లో యోక్ ఉంటుంది. బోయింగ్ విమానాల్లోనూ యోకే. ఎయిర్‌బస్ ఏ320 మాత్రం 1988లో సర్వీసులోకి వచ్చినప్పటి నుంచీ సైడ్‌స్టిక్‌తోనే నడుస్తోంది. మన కడపకి, ఓర్వకల్లుకి ఇండిగో నడిపిన ఏటీఆర్ 72 ఉంది చూశారా, రెండు ఫ్యాన్లున్న చిన్న విమానం, దాంట్లో ఉండేది యోక్. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌కి ఏటీఆర్ 2023లో వచ్చింది. కడప ఎయిర్‌పోర్టు కోడ్ వీఓసీపీ కొట్టి, ఏటీఆర్‌లో చెన్నైకి పోయి రావాలన్నదే మీ సరదా అయితే యోక్ వైపు మనసు లాగడం సహజం.

అయినా మొదటిసారి కొనేవాళ్ళకి నా సలహా స్టిక్కే. కారణం ఖర్చు ఒక్కటే కాదు. స్టిక్‌తో ఏటీఆర్ నడపొచ్చు, సెస్నా నడపొచ్చు, యుద్ధ విమానం కూడా నడపొచ్చు, ఎవరూ పట్టుకోరు. యోక్‌తో యుద్ధ విమానం నడపడం మాత్రం నవ్వులాట. పైగా తిప్పే స్టిక్ తీసుకుంటే, అంటే కర్రను కుడికి ఎడమకి మెలి తిప్పితే రడ్డర్ (విమానం ముక్కును పక్కలకి తిప్పే తోక పలక) పనిచేసేది, పెడల్స్ (రడ్డర్‌ని కాళ్ళతో నడిపేవి) ఖర్చు ఇప్పటికి తప్పుతుంది. యోక్ కొన్నాక పెడల్స్ లేకపోతే అసంపూర్తిగా అనిపిస్తుంది, ఇంజన్ శక్తి పెంచి తగ్గించే థ్రాటిల్ విడిగా కావాలనిపిస్తుంది, అలా ఒకదాని వెంట ఒకటి.

ఇంకో చిన్న సంగతి. ఎయిర్‌బస్‌లో కెప్టెన్ ఎడమ సీట్లో కూర్చుంటాడు, సైడ్‌స్టిక్ ఎడమచేత్తో పట్టుకుంటాడు. మీకు ఆ అనుభవం కావాలంటే రెండు చేతులకీ సరిపోయే స్టిక్ చూడండి. థ్రస్ట్‌మాస్టర్ టీ.16000ఎం, అదే కంపెనీ టీసీఏ సైడ్‌స్టిక్ ఎయిర్‌బస్ ఎడిషన్ రెండూ అలాంటివే. లాజిటెక్ ఎక్స్‌ట్రీమ్ 3డీ ప్రో ఆకారం కుడిచేతికే. వీకేబీ అనే కంపెనీ గ్లాడియేటర్ అయితే కుడిచేతికి వేరే, ఎడమచేతికి వేరే అమ్ముతారు. ఆర్డర్ పెట్టేటప్పుడు చూసుకోకపోతే అడ్డంగా దొరికిపోతారు.

టేపు తీసుకుని టేబుల్ కొలవండి

స్టిక్ తీసుకునేవాళ్ళు ఇది దాటేయొచ్చు. యోక్ కొనేవాళ్ళు మాత్రం దాటకండి. యోక్‌ని టేబుల్ అంచుకి క్లాంప్‌తో బిగిస్తారు. ఎంత మందం వరకు బిగుసుకుంటుందో కంపెనీ సైట్లో రాసి ఉంటుంది. మన ఇళ్ళల్లో చదువుకునే బల్ల అంటే చాలాచోట్ల గోడలోకి దిగేసిన కడప బండే. మందం ఒక్కటే కొలిస్తే చాలదు. బండ అంచు కింద చెయ్యి పెట్టి చూడండి. కింద ఇంకో బండముక్కో ఇనుప బద్దీయో ఆనించి ఉంటే క్లాంప్ దవడకి జాగా ఉండదు. చెక్క టేబుల్ అయితే అంచు కింద పట్టీ, సొరుగు అడ్డమొస్తాయి. బండకి నేరుగా ఇనుప క్లాంప్ బిగిస్తే నాపరాయి అంచు పెచ్చులూడుతుంది. మధ్యలో పాత సైకిల్ ట్యూబు ముక్కో పల్చని ప్లైవుడ్ ముక్కో పెట్టండి. గాజు టేబుల్ ఉన్నవాళ్ళు యోక్ ఆలోచన మానుకోవడం మంచిది.

లోతు కూడా చూడాలి. యోక్ లాగినప్పుడు దాని కడ్డీ మీ వైపు వస్తుంది. బండ వెడల్పు తక్కువై, వెనక మానిటర్, మధ్యలో కీబోర్డు ఉంటే యోక్ పొట్టకి ఆనుతుంది. ఒక అట్టపెట్టె తీసుకుని, కంపెనీ ఇచ్చిన కొలతల ప్రకారం టేబుల్ మీద పెట్టి, కుర్చీలో కూర్చుని చూడండి. పిచ్చిపనిలా ఉంటుంది గానీ సముద్రం దాటి తెచ్చిన వస్తువు పెట్టడానికి చోటు లేకపోవడం కంటే నయం.

పెడల్స్ విషయంలో నేల చూసుకోవాలి. పాలిష్ చేసిన బేతంచెర్ల బండల మీద, టైల్స్ మీద రడ్డర్ పెడల్స్ నిలవవు. గట్టిగా తొక్కగానే గోడ దాకా జారిపోతాయి. తివాచీ నేలల మీద వాడేవాళ్ళకి ఈ ఇబ్బంది తెలియదు కాబట్టి అక్కడి రివ్యూల్లో దీని ఊసు తక్కువ. కింద రబ్బరు మ్యాట్ వేయండి. అదీ చాలకపోతే పెడల్స్‌ని కుర్చీ కాళ్ళకి నైలాన్ తాడుతో కట్టేయండి. చక్రాల కుర్చీ అయితే మీరు వెనక్కి, పెడల్స్ ముందుకి పోతాయి కాబట్టి తాడు తప్పదు.

పీసీనా, ఎక్స్‌బాక్సా, ప్లేస్టేషనా

పీసీలో దాదాపు అన్నీ పనిచేస్తాయి. కన్సోల్‌కి మాత్రం ఆ కన్సోల్ పేరు డబ్బా మీద ఉండి తీరాలి. థ్రస్ట్‌మాస్టర్ టీ.ఫ్లైట్ హోటాస్ వన్ ఎక్స్‌బాక్స్ కోసం, హోటాస్ 4 ప్లేస్టేషన్ 4 కోసం. రెండింటినీ పక్కపక్కన పెడితే ఆకారంలో తేడా కనిపెట్టడం కష్టం. హనీకోంబ్ ఆల్ఫా యోక్ మొదటి రకం కంప్యూటర్‌కే, పేరు చివర ఎక్స్‌పీసీ అని ఉన్నది ఎక్స్‌బాక్స్‌కి కూడా. టీసీఏ సైడ్‌స్టిక్‌లో కూడా అంతే, పేరులో ఎక్స్ అన్న ఒక్క అక్షరం ఉంటేనే ఎక్స్‌బాక్స్. ఎక్స్‌బాక్స్ ఉన్నవాళ్ళు ఆ ఒక్క అక్షరాన్ని కాగితం మీద రాసి గుండ్రం చుట్టి పెట్టుకోండి.

మ్యాక్ వాడేవాళ్ళకి ఒక మాట. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ మ్యాక్‌లో రాదు, ఎక్స్-ప్లేన్ వస్తుంది. కంట్రోలర్ కొనే ముందు సిమ్ ఏదో ఖాయం చేసుకోండి.

సెన్సర్ గురించి రెండు ముక్కలు

చవక స్టిక్‌లలో పొటెన్షియోమీటర్ ఉంటుంది. అంటే లోపల ఒక చిన్న రేకు కార్బన్ పట్టీ మీద రాసుకుంటూ కదులుతుంది. రాపిడి ఉన్నచోట అరుగుదల ఉంటుంది, దుమ్ము చేరితే చెప్పనక్కర్లేదు. మన ఎండాకాలం గాలిదుమారం సంగతి తెలిసిందే కదా. కొన్నాళ్ళకి చెయ్యి తీసేసినా విమానం తనంతట తానే ఒక పక్కకి ఒరుగుతూ ఉంటుంది. హాల్ సెన్సర్ ఉన్న స్టిక్‌లో అయస్కాంతం, సెన్సర్ ఒకదానికొకటి తగలవు కాబట్టి ఆ గొడవ లేదు.

అయితే డబ్బా మీద హాల్ సెన్సర్ అని చూసి అన్ని కదలికలకీ అదే ఉందనుకోకండి. టీ.16000ఎంలో ముందు వెనకలకి, పక్కలకి మాత్రమే హాల్ సెన్సర్. మెలి తిప్పే కదలికకి మామూలు పొటెన్షియోమీటరే. ఆ స్టిక్ గురించి వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం దాని గురించే. వీకేబీ గ్లాడియేటర్ ఎన్ఎక్స్‌టీ ఈవోలో మెలి తిప్పేదానికి కూడా రాపిడి లేని సెన్సర్ ఉంటుంది. కాస్త ఎక్కువ పెట్టగలిగితే నేను దాని వైపే మొగ్గుతాను.

అసలు ధర లెక్క వేయండి

అక్కడి బోర్డు మీద ఉన్న అంకెను రూపాయల్లోకి మార్చేసి "సగానికి సగం!" అని సంబరపడటం చాలామందికి అలవాటు. కాగితం మీద ఇలా వేసుకోండి: అక్కడి ధర, దాని మీద అక్కడి పన్ను, కార్డుతో కడితే బ్యాంకు వేసే విదేశీ మారకం ఛార్జీ, లగేజీలో పట్టే బరువు. తర్వాత ఇక్కడి ఆన్‌లైన్ ధరతో పోల్చండి. తేడా రెండు వేల లోపు ఉంటే ఇక్కడే కొనండి. వారంటీ ఇక్కడ ఉంటుంది, పాడైతే వెనక్కి పంపొచ్చు. ఎక్స్‌ట్రీమ్ 3డీ ప్రోని అమెరికా నుంచి మోసుకురావడం శుద్ధ దండగ అంటాను నేను.

పన్ను సంగతి దేశానికో తీరు. అమెరికాలో బోర్డు మీద ధర వేరు, బిల్లు వేరు. సేల్స్ ట్యాక్స్ కౌంటర్ దగ్గర కలుపుతారు. ఒరెగాన్, డెలావేర్ లాంటి కొన్ని రాష్ట్రాల్లో ఆ పన్ను లేదు. కువైట్‌లో వ్యాట్ లేదు, రాసిన ధరే కట్టాలి. బ్రిటన్‌లో పర్యాటకులకి షాపుల్లో ఇచ్చే వ్యాట్ వాపసు 2021 జనవరి నుంచి ఎత్తేశారు. జర్మనీలో వ్యాట్ 19 శాతం, అక్కడ వాపసు అడగడం నిజంగా గిట్టుబాటు. సింగపూర్‌లో జీఎస్టీ 9 శాతం, వాపసుకి కనీసం 100 సింగపూర్ డాలర్ల కొనుగోలు ఉండాలి.

దుబాయ్‌లో వ్యాట్ 5 శాతం, వాపసుకి బిల్లు కనీసం 250 దిర్హమ్‌లు ఉండాలి. కట్టిన వ్యాట్‌లో 85 శాతమే తిరిగి ఇస్తారు, దాంట్లోంచి 4.80 దిర్హమ్‌ల ఫీజు కోస్తారు. 600 దిర్హమ్‌ల స్టిక్ కొన్నారనుకోండి. అందులో వ్యాట్ సుమారు 28.57. దాంట్లో 85 శాతం 24.29. ఫీజు పోగా చేతికొచ్చేది 19 దిర్హమ్‌ల చిల్లర. దీనికోసం ఎయిర్‌పోర్టుకి గంట ముందు పోయి క్యూలో నిలబడతారా లేదా మీ ఇష్టం. యోక్, థ్రాటిల్, పెడల్స్ అన్నీ కలిపి కొన్నవాళ్ళకైతే పనికొస్తుంది. ఒక్క విషయం: ఈ వాపసు పర్యాటకులకే. అక్కడే రెసిడెంట్ వీసా మీద ఉండే మన బంధువులకి రాదు.

వాపసు తీసుకునే పనైతే, పెట్టె లగేజీ కౌంటర్‌లో వేయకముందే ఆ పని ముగించుకోవాలి. వస్తువు చూపించమంటే చూపించాలి. స్టిక్ చీరల కింద అడుగున ఉంటే టెన్షన్ మీకే.

కార్డు గీకేటప్పుడు మెషీన్ మీద "రూపాయల్లో కడతారా, స్థానిక కరెన్సీలో కడతారా" అని అడుగుతుంది. రూపాయలు చూడగానే ప్రాణం లేచొచ్చి దాన్నే నొక్కుతాం. వద్దు, స్థానిక కరెన్సీ నొక్కండి. రూపాయల్లో అంటే మారకం రేటు వాళ్ళిష్టం.

ఎక్కడ దొరుకుతాయి

ఏ ఊళ్ళో అయినా కంప్యూటర్ సామాను అమ్మే వీధి ఒకటుంటుంది. దుబాయ్‌లో బర్ దుబాయ్‌లోని ఖాలిద్ బిన్ అల్ వలీద్ రోడ్, సింగపూర్‌లో సిమ్ లిమ్ స్క్వేర్, కౌలాలంపూర్‌లో లో యాట్ ప్లాజా, టోక్యోలో అకిహబారా, కువైట్‌లో హవల్లీ. అమెరికాలో మైక్రో సెంటర్, బెస్ట్ బై, జర్మనీలో మీడియామార్క్ట్ లాంటి పెద్ద షాపులున్నాయి. వీటిల్లో మీకు కనపడే అవకాశం ఎక్కువగా ఉన్నవి థ్రస్ట్‌మాస్టర్, లాజిటెక్, టర్టిల్ బీచ్. పోయే ముందు షాపు సైట్లో ఆ బ్రాంచిలో స్టాక్ ఉందో లేదో చూసుకోండి, లేదా ఫోన్ చేయండి. పొరుగూర్లో సగం రోజు బస్సులు మారి పోయాక "అయిపోయింది" అనిపించుకోవడం ఎందుకు?

వీకేబీ, విర్పిల్, విన్‌వింగ్ లాంటివి షాపు అరల్లో కనిపించడం అరుదు. వాటిని కంపెనీ సైట్లోనే ఆర్డర్ పెట్టాలి. మీరు దిగే బంధువుల ఇంటి అడ్రసుకి, మీరు చేరేలోపు వచ్చేట్టు ముందే పెట్టించండి. అమెరికా అడ్రస్ అయితే వస్తువు అమెరికాలోని గోదాము నుంచే వస్తుందా అని చూడండి. 800 డాలర్ల లోపు పార్సిళ్ళకి ఉన్న సుంకం మినహాయింపును ఆ దేశం 2025 ఆగస్టు 29 నుంచి తీసేసింది. బయట నుంచి వచ్చే పార్సిల్‌కి మీ అక్కయ్య వాళ్ళు గుమ్మం దగ్గర సుంకం కట్టాల్సి రావొచ్చు.

సెకండ్ హ్యాండ్‌కి దుబాయ్‌లో డూబిజిల్, సింగపూర్‌లో కారోసెల్, అమెరికాలో ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్. ఈ హాబీలో ఉత్సాహంగా కొని, నాలుగు నెలలకి అటక మీద పడేసేవాళ్ళు ఎక్కువ. కాబట్టి దాదాపు కొత్తవి సగం ధరకి దొరుకుతాయి. కింద చెప్పిన పరీక్ష చేయకుండా మాత్రం డబ్బు ఇవ్వకండి.

ఒక్క నియమం: ప్రయాణం మొదట్లోనే కొనండి. చివరి రోజు కొంటే, తేడా ఉన్నా మార్చుకునే సమయం ఉండదు.

చేతికి రాగానే పరీక్ష

దీనికి ఒక ల్యాప్‌టాప్ చాలు, గేమ్ అక్కర్లేదు. స్టిక్‌ని యూఎస్‌బీలో పెట్టండి. విండోస్ కీ పట్టుకుని ఆర్ నొక్కితే చిన్న పెట్టె వస్తుంది. అందులో ఇంగ్లిష్ అక్షరాల్లో జె, ఓ, వై, చుక్క, సి, పి, ఎల్ అని ఖాళీ లేకుండా టైప్ చేసి ఎంటర్ కొట్టండి. కంట్రోలర్ పేరు కనిపిస్తుంది. ప్రాపర్టీస్ నొక్కితే ఒక గడి, అందులో చిన్న ప్లస్ గుర్తు వస్తాయి. ఆ ప్లస్సే మీ స్టిక్.

ముందు చెయ్యి తీసేసి ఊరికే చూడండి. ప్లస్ కదలకుండా నిలబడాలి. వణుకుతుంటే సెన్సర్ అరిగిందని. తర్వాత స్టిక్‌ని చివరి దాకా ముందుకి తోసి, చేత్తో పట్టుకునే మెల్లగా మధ్యకి తెచ్చి వదలండి. ప్లస్ ఎక్కడ ఆగిందో గుర్తు పెట్టుకోండి. ఇదే వెనక నుంచి, కుడి నుంచి, ఎడమ నుంచి చేయండి. నాలుగుసార్లూ ఒకే చోట ఆగితే మంచి సరుకు. ముందు నుంచి వచ్చినప్పుడు ఒకచోట, వెనక నుంచి వచ్చినప్పుడు ఇంకోచోట ఆగుతుంటే, ల్యాండింగ్ చేసేటప్పుడు విమానం ముక్కు మీ మాట వినదు. స్టిక్‌ని గుండ్రంగా తిప్పితే ప్లస్ గడి అంచుల దాకా పోవాలి.

మెలి తిప్పేది విడిగా చూడండి. తిప్పి వదిలితే తెర మీద దాని పట్టీ సగానికి వచ్చి ఆగాలి, అటూ ఇటూ గెంతకూడదు. వాడిన స్టిక్‌లలో ముందు పాడయ్యేది ఇదే. థ్రాటిల్ ఒక చివర నుంచి ఇంకో చివరకి మెల్లగా జరిపితే పట్టీ సాఫీగా నిండాలి. మధ్యలో గంతులేస్తే లోపల దుమ్ము. బటన్లన్నీ ఒక్కొక్కటే నొక్కుతూ తెర మీద ఎర్ర చుక్క వెలుగుతోందా చూడండి. పైన ఉండే హ్యాట్ స్విచ్‌ని (బొటనవేలితో అన్ని వైపులా తోసే చిన్న బటన్) చుట్టూ తిప్పి చూడండి. ట్రిగ్గర్ మరవకండి.

యోక్ అయితే కళ్ళు మూసుకుని మధ్యలో అటూ ఇటూ కొద్దికొద్దిగా తిప్పండి. కొన్నింటిలో సరిగ్గా మధ్యలో చిన్న గాటులో పడినట్టు అవుతుంది. తెర మీద అది కనిపించదు, చేతికి తెలుస్తుంది. నేరుగా పోతున్న విమానాన్ని కొద్దిగా సర్దాలన్నప్పుడల్లా ఆ గాటు విసిగిస్తుంది. లాగేటప్పుడు కడ్డీ పట్టి పట్టి వస్తే కూడా వద్దనండి. హనీకోంబ్ ఆల్ఫా యోక్ మొత్తం 180 డిగ్రీలు తిరుగుతుంది. చవక యోక్‌తో పక్కపక్కన తిప్పి చూస్తే తేడా చేతికే అందుతుంది.

పెడల్స్ కొంటుంటే వైరు చివర చూడండి. కొన్నింటికి యూఎస్‌బీ బదులు టెలిఫోన్ వైరు తలలాంటి ఆర్‌జె12 ప్లగ్ ఉంటుంది. అది అదే కంపెనీ థ్రాటిల్‌లోకో స్టిక్‌లోకో గుచ్చడానికి. నేరుగా కంప్యూటర్‌కి పెట్టాలంటే అడాప్టర్ కావాలి.

స్టిక్, యోక్ మామూలువి యూఎస్‌బీ కరెంటుతోనే పనిచేస్తాయి కాబట్టి ఓల్టేజీ గొడవ లేదు. ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ (లోపలి మోటారు స్టిక్‌ని ఎదురు తోసి విమానం బరువు చేతికి తెలిసేలా చేసేది) ఉన్నవాటికి విడిగా పవర్ సప్లై ఉంటుంది. దాని మీద 100-240 ఓల్ట్స్ అని రాసి ఉంటే నిశ్చింత. అమెరికాలోనో జపాన్‌లోనో కొన్నదాని మీద 120 అనో 100 అనో మాత్రమే ఉంటే మన 230 ఓల్టులకి పెట్టగానే పొగ.

కువైట్ చిన్నాయనతో తెప్పించుకుంటే

అక్కడ మనవాళ్ళు చాలామంది డ్రైవర్లుగా, ఇళ్ళల్లో, షాపుల్లో పనిచేస్తుంటారు. దొరికే సెలవు శుక్రవారం ఒక్కటే. ఆ పూట మీ జాయ్‌స్టిక్ కోసం ఖర్చు పెడుతున్నారంటే పెద్ద సాయమే. మోడల్ పేరు ఒక్కటి పంపి "ఇది తే చిన్నాయనా" అంటే ఆయన షాపువాడు ఏది చేతిలో పెడితే అది తెస్తాడు. ఫోటోతో పాటు ఇలాంటి మెసేజ్ పంపండి:

"చిన్నాయనా, ఫోటోలో ఉన్న డబ్బానే చూడు. డబ్బా మీద పీసీ అని రాసి ఉండాల. ప్లేస్టేషన్ అని మాత్రమే ఉంటే వద్దు. డబ్బా సీలు తీసి ఉంటే తీసుకోవద్దు. 30 దీనార్లు దాటితే నాకు ఫోన్ చెయ్యి. బిల్లు నీ పేరు మీదే తీసుకో, పారెయ్యొద్దు. లేకుంటే వదిలెయ్, ఇంకోటి కొనొద్దు."

ఆ చివరి వాక్యం ముఖ్యం. మనవాళ్ళు ఉత్త చేతులతో రావడానికి మొహమాటపడి, అది దొరక్కపోతే దానిలాంటిదేదో తెచ్చేస్తారు.

కువైట్ ధరలు చదవడం కూడా తెలిసి ఉండాలి. ఒక దీనార్‌కి వెయ్యి ఫిల్సులు కాబట్టి చుక్క తర్వాత మూడు అంకెలు ఉంటాయి. 29.900 అంటే ముప్ఫై దీనార్లకి వంద ఫిల్సులు తక్కువ. ఫోటోలో చూసి ఇరవై తొమ్మిది వేలనుకుని గుండె పట్టుకోవద్దు. దీనార్ విలువ 250 రూపాయల పైమాటే కాబట్టి అలా అని చవకనుకోవడానికీ లేదు. డబ్బు ముందే వాళ్ళింట్లో ఇచ్చేయండి. యోక్, పెడల్స్ లాంటివి మాత్రం అడగొద్దు. పిల్లలకి, చెల్లెళ్ళకి తెచ్చుకునే సామానులో నాలుగైదు కిలోలు మీ బొమ్మకి పోతే పిన్నమ్మ మొహం మీరే చూడాలి.

సర్దుకోవడం, కస్టమ్స్ దాటడం

పై రంగుల డబ్బా జాగా తింటుంది, దాన్ని మడిచి అడుగున వేయొచ్చు. లోపల వస్తువు ఆకారంలో ఉండే అట్టను మాత్రం పారేయకండి. స్టిక్ మెడ మీద, స్ప్రింగ్ మీద బరువు పడకుండా కాపాడేది అదే. అట్ట లేకపోతే స్టిక్ చుట్టూ తువ్వాళ్ళు చుట్టి, పెట్టె మధ్యలో నిలబెట్టండి. ఎక్స్‌రేలో వింతగా కనపడుతుంది కాబట్టి తెరవమనొచ్చు. అడిగితే గేమ్ కంట్రోలర్ అని చెప్పండి, సరదాకి కూడా "గన్" లాంటి మాట ఎత్తకండి. వైర్‌లెస్ కంట్రోలర్‌లో లిథియం బ్యాటరీ ఉంటుంది, దాన్ని చేతి సంచిలో పెట్టుకోవడం మేలు.

కస్టమ్స్ తనిఖీ మామూలుగా మన దేశంలో మొదట దిగే ఎయిర్‌పోర్టులోనే, అంటే కడప వాళ్ళకి ఎక్కువగా బెంగళూరు, చెన్నై, హైదరాబాద్. 2016 బ్యాగేజీ నిబంధనల్లో విదేశాల నుంచి తిరిగొచ్చే ప్రయాణికుడికి సుంకం లేని పరిమితి 50,000 రూపాయలుగా, దాటిన మొత్తం మీద సుంకం 38.5 శాతంగా ఉండేది. ఈ అంకెలు ప్రభుత్వం మారుస్తుంటుంది కాబట్టి బయల్దేరే ముందు సీబీఐసీ (కస్టమ్స్‌ని చూసే కేంద్ర బోర్డు) సైట్లో తాజా పరిమితి చూసుకోండి. కొనేటప్పుడు పాత లెక్కనే మనసులో పెట్టుకుంటే ఇబ్బంది పడరు. ఆ లెక్కన 62,000 రూపాయల కొత్త సామాను తెస్తే, పైన ఉన్న 12,000 మీద 4,620 కట్టాల్సి వచ్చేది.

గుర్తుంచుకోండి, పరిమితి కంట్రోలర్ ఒక్కదానికి కాదు. కొత్తగా కొన్న సెంట్లు, ఫోను, బొమ్మలు అన్నీ కలిపి. ఇద్దరి పరిమితులు కలిపి ఒక ఖరీదైన వస్తువుకి వాడతామంటే 2016 నిబంధనలు ఒప్పుకోలేదు. భార్యాభర్తలు కలిసి వస్తుంటే యోక్ ఒకరి బిల్లు మీద, పెడల్స్ ఇంకొకరి బిల్లు మీద కొనుక్కోండి. పరిమితి దాటితే ఎయిర్‌పోర్టులో రెడ్ ఛానల్‌కి (సుంకం కట్టేవాళ్ళ దారి) పోయి బిల్లు చూపించి కట్టేయండి. అతిథి అనే యాప్‌లో ముందే డిక్లేర్ చేయొచ్చు కూడా. డబ్బా చింపేసి "పాతదే సార్" అని బుకాయించే సలహాలు చాలామంది ఇస్తారు. దొరికితే సుంకంతో పోదు, జరిమానా కూడా పడుతుంది.

ఇంటికొచ్చాక మొదటి సాయంత్రం

పెట్టె తెరవగానే గేమ్ పెట్టకండి. పైన చెప్పిన ప్లస్ గుర్తు పరీక్ష మళ్ళీ ఒకసారి చేయండి, ప్రయాణంలో దెబ్బ తిన్నదేమో తెలుస్తుంది. తర్వాత కంపెనీ సైట్ నుంచి ఫర్మ్‌వేర్ (కంట్రోలర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసుకోండి. ఆ పని చేసేటప్పుడు కరెంటు పోతే కంట్రోలర్ మూగబోయే ప్రమాదం ఉంది కాబట్టి ల్యాప్‌టాప్ మీదో ఇన్వర్టర్ ఉన్నప్పుడో చేయండి. స్టిక్, థ్రాటిల్, పెడల్స్ మూడూ ఒకే చవక యూఎస్‌బీ హబ్‌కి గుచ్చితే ఒక్కోసారి ఒకటి కనపడి ఒకటి మాయమవుతుంది. నేరుగా కంప్యూటర్‌కే పెట్టండి.

సిమ్‌లో సెన్సిటివిటీ సెట్టింగుల్లోకి వెళ్ళి డెడ్ జోన్ (మధ్యలో స్టిక్ కొద్దిగా కదిలినా సిమ్ పట్టించుకోని మేర) ముందు సున్నా దగ్గరే ఉంచి ఎగరండి. చెయ్యి వదిలినా విమానం ఒక పక్కకి ఒరుగుతుంటే రెండు, మూడు శాతం పెంచండి. ఐదు దాటినా ఒరగడం ఆగలేదంటే అది సెట్టింగుల్లో తేలే పని కాదు. బిల్లు ఫోటో, ప్లస్ గుర్తు వణికే వీడియో జతచేసి అమ్మినవాళ్ళకి ఆ రాత్రే మెయిల్ పెట్టండి.